నేల మీద కాలు మోపని పరంజా: ఆ బరువు ఎవరి మీద పడుతోంది?

ఆషాఢం రాగానే తిరుపతి కల్యాణ మండపాల్లో మేళాలు ఆగి సుత్తి చప్పుళ్లు మొదలవుతాయి. ముహూర్తాలు లేని ఆ నాలుగు వారాల్లోనే రంగులు, ఫాల్స్ సీలింగు, ఏసీ గొట్టాలు, కరెంటు పనులు అన్నీ అయిపోవాలి. అలాంటప్పుడు హాల్లోకి తొంగిచూస్తే ఒక్కోసారి వింతగా కనిపిస్తుంది. పైకప్పుకు చేయి అందేంత ఎత్తులో ఇద్దరు ముగ్గురు పని చేస్తుంటారు. వాళ్ల కాళ్ల కింద పలకలు ఉంటాయి. పలకల కింద ఏమీ ఉండదు. కింద కుర్చీలు సర్దేవాళ్లు, నేల తుడిచేవాళ్లు తమ పని తాము చేసుకుంటూ ఉంటారు.

చిత్తూరు వైపు సారం అన్నా, ఇంకోచోట సారవ అన్నా, పత్రికల్లో పరంజా అని రాసినా, ఆ మాట వినగానే కళ్ల ముందు మెదిలేది నేల మీద నాటిన కర్రలే. సవుకు కట్టెలైనా ఇనుప పైపులైనా కింద నుంచి పైకి లేస్తాయి. ఇది మాత్రం పై నుంచి కిందికి దిగుతుంది. చూసినవాళ్లు ముందు అడిగేది "తాడు తెగితే?" అని. నిజానికి అడగాల్సింది తాడు సంగతి కాదు.

సంక్షిప్తంగా: భవనం బీముల నుంచి పని వేదికను వేలాడదీస్తే కింది నేల ఖాళీగా ఉంటుంది, పైపుల ఖర్చు తగ్గుతుంది. కానీ బరువంతా ఇంకో పని కోసం లెక్కగట్టిన బీము మీద పడుతుంది. తాడు, బీమును పట్టుకునే క్లాంపు, పలక బలం తేలిగ్గానే తేల్చుకోవచ్చు. బీములో మిగిలిన బలం ఎంతో కంటికి కనిపించదు. ప్రమాదం ఎక్కువగా దాక్కునేది అక్కడే.

కాళ్లు ఎందుకు తీసేస్తున్నారు

మూడు మీటర్ల ఎత్తులో పని అయితే కింద నుంచి కట్టడమే చవక, తేలిక. తొమ్మిది మీటర్లకు వెళ్లేసరికి లెక్క తిరగబడుతుంది. పని జరిగేది పైనున్న రెండు మీటర్లలోనే, దాని కింద ఏడు మీటర్ల ఇనుము అక్కడికి చేరడానికి మాత్రమే. పరంజాకు వాడే 48.3 మిల్లీమీటర్ల పైపు 4 మిల్లీమీటర్ల మందం ఉంటే మీటరుకు దాదాపు 4.4 కిలోలు తూగుతుంది. తొమ్మిది మీటర్ల కాలు ఒక్కటే 40 కిలోలు. ఏటవాలు పైపులు, అడ్డ పైపులు, పైపులను ఒకదానికొకటి బిగించే కప్లర్లు కలిపితే ఒక హాలు నింపడానికి లారీ లోడు కావాలి. అదంతా మోసి, ఎక్కించి, విప్పి, మళ్లీ మోయాలి.

ఖర్చు కన్నా పెద్ద కారణం నేల. తిరుపతిలో ఖాళీ నేల దొరకడం ఎప్పుడూ కష్టమే. భక్తుల వరుసలు సాగే చోట, యాత్రికుల వసతి సముదాయాల లాబీల్లో, రైల్వే స్టేషన్ లాంటి చోట్ల "రెండు వారాలు ఇటు రావద్దు" అనడం కుదరదు. 2023లో ప్రారంభమైన శ్రీనివాస సేతు లాంటి వంతెనలకు అడుగు భాగంలో ఏదైనా మరమ్మతు వస్తే కింద బస్సులు తిరుగుతూనే ఉండాలి. శ్రీసిటీ, రేణిగుంట, కరకంబాడి వైపు ఫ్యాక్టరీల్లో నేలంతా యంత్రాలే, వాటి మధ్య పైపు నాటడానికి జానెడు జాగా ఉండదు.

2022లో జిల్లా విడిపోయాక చిత్తూరు వైపే ఎక్కువగా మిగిలిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలది ఇంకో కథ. తోతాపురి కాయ దిగే వేసవి చివరి రోజుల్లో అవి రాత్రింబవళ్లు నడుస్తాయి. నేల ఎప్పుడూ తడిగా, జారుగా ఉంటుంది, కాయ కడిగే తొట్లు, బెల్టులు, ఆవిరి గొట్టాలు అడుగడుగునా అడ్డం. సీజన్లో పైన ఒక గొట్టం కారితే లైను ఆపకుండా బాగుచేయాలి. సీజన్ కాకపోతే కింద నుంచి కట్టుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. అంటే ఒకే షెడ్డులో, ఒకే పనికి, జూన్‌లో వేలాడే వేదిక సరైనదై, డిసెంబరులో అనవసరమైనదై ఉండొచ్చు. ఈ తేడా చూడకుండా "పోయినసారి వేలాడదీశాం కదా" అని అలవాటుగా మళ్లీ వేలాడదీయడమూ జరుగుతుంటుంది.

బరువు దారి మారితే

నేల మీద నిలబెట్టిన పరంజాలో మనిషి బరువు పలక నుంచి అడ్డ పైపుకు, అక్కడి నుంచి కాలికి, చివరికి భూమికి చేరుతుంది. భవనంతో దానికి పెద్ద సంబంధం లేదు, పక్కకు ఒరగకుండా గోడకు కట్టుకుంటుందంతే. కింద మట్టి మెత్తగా ఉంటే కాలు కుంగుతుంది, పలక వాలుతుంది, మేస్త్రీ కంట పడుతుంది, కింద చెక్క పెట్టిస్తాడు. ప్రమాదం ముందుగా చెప్పి వచ్చే అవకాశం ఎక్కువ.

వేలాడే వేదికలో అదే బరువు పైకి వెళుతుంది. తాడు గుండా క్లాంపుకు, క్లాంపు నుంచి బీముకు, బీము నుంచి స్తంభానికి, ఆ తర్వాతే పునాదికి. ఈ గొలుసులో ఏ ఒక్క కొలికి ఊడినా మిగతావి ఎంత గట్టివైనా లాభం లేదు. పైగా క్లాంపు జారడానికి ముందు చప్పుడు చేయదు.

భవనానికి బీము లెక్కగట్టిన ఇంజనీరు స్లాబు బరువు, దాని మీద మనుషులు, సామాను, గాలి, భూకంపం చూసుకుని ఉంటాడు. బీము అడుగు నుంచి ఇద్దరు మనుషులు, రంగు డబ్బాలు వేలాడతాయని అనుకుని ఉండడు. మామూలుగా బీముల్లో కొంత మిగులు బలం ఉంటుంది. ఎంత అన్నదే ప్రశ్న. కాలం గడిచేకొద్దీ ఆ మిగులును ఎవరో ఒకరు వాడుకుంటూ పోతారు. పైన నీళ్ల ట్యాంకు పెడతారు, ఏసీ యంత్రాలు పెడతారు, కింద ఫాల్స్ సీలింగు, పెద్ద లైట్లు, సౌండు బాక్సులు తగిలిస్తారు. ఇరవై ఏళ్ల కిందటి డ్రాయింగులో ఉన్న మిగులు ఇవాళ ఉందని చెప్పలేం.

ఒక చిన్న లెక్క

మూడు మీటర్ల వేదిక. రెండు చివర్లా రెండు తాళ్లు. వేదిక సొంత బరువు 150 కిలోలు. ఇద్దరు మనుషులు పనిముట్లతో కలిపి 200, సామాను 100. మొత్తం 450. తాడుకు 225 కదా అనిపిస్తుంది. అందరూ నడుమ నిలబడితేనే అది నిజం. పని ఒక మూలన ఉంటే ఇద్దరూ అక్కడికే చేరతారు, డబ్బా కూడా అక్కడికే లాక్కుంటారు. అప్పుడు ఆ చివరి తాడు మీద 375 కిలోలు, ఇంకో చివర 75. పలక తాడు దాటి అర మీటరు బయటికి పొడుచుకొచ్చి, వాళ్లు ఆ కొసన నిలబడితే ఇటు 425, అటు 25. ఇంకొంచెం బయటికి వెళితే రెండో చివర పైకి లేస్తుంది. కాబట్టి మొత్తం బరువును తాళ్ల సంఖ్యతో భాగిస్తే సరిపోదు. ప్రతి తాడూ అందరినీ ఒంటరిగా మోయాల్సి వస్తుందనుకుని చూడాలి.

అమెరికా కార్మిక భద్రత సంస్థ ఓషా నిబంధనల్లో పరంజా తన సొంత బరువుతో పాటు గరిష్ఠ పని బరువుకు నాలుగు రెట్లు మోయగలగాలి, వేలాడదీసే తాడు తన మీద పడే బరువుకు ఆరు రెట్లు తట్టుకోవాలి. ఆరు రెట్లు అనగానే అతి జాగ్రత్త అనిపించవచ్చు. కానీ తాడు అరుగుతుంది, తుప్పు పడుతుంది, మలుపు దగ్గర తీగలు తెగుతాయి. బరువు నెమ్మదిగా కాక ఒక్కసారిగా పడితే దాని ప్రభావం రెట్టింపు అవుతుంది. మనిషి పలక మీదికి దూకితే అంతకన్నా ఎక్కువే.

375 కిలోలకు ఆరు రెట్లంటే 2,250. మామూలు 8 మిల్లీమీటర్ల వైర్ రోప్ (ఇనుప తీగల తాడు) తెగడానికి సుమారు మూడున్నర టన్నులు కావాలి. కొసను మడిచి గ్రిప్పులతో బిగించిన చోట బలం ఇరవై శాతం దాకా తగ్గినా 2,800 కిలోలు ఉంటుంది. మంచి తాడైతే గట్టెక్కుతుంది. అందరూ అనుమానించే వస్తువు పరీక్షలో నెగ్గింది. ఎవరూ అనుమానించనిది ఇంకా మిగిలే ఉంది. ఓషా ప్రకారమే వేలాడదీసే పరికరాలు ఆనుకునే చోటు కూడా నాలుగు రెట్లు మోయగలగాలి. ఇక్కడ అది 1,500 కిలోలు.

రేకుల షెడ్డు: కంటికి ఇనుమే, లెక్కలో కాదు

ఫ్యాక్టరీ షెడ్డులో పైకి చూస్తే రెండు రకాల ఇనుము కనిపిస్తుంది. స్తంభం నుంచి స్తంభానికి వెళ్లే పెద్ద వాలు బీములు ఒకటి. వాటి మీద అడ్డంగా, రేకు కింద, మీటరున్నరకు ఒకటి చొప్పున పరిచిన సన్నని పర్లిన్లు ఇంకోటి. పర్లిన్ అంటే రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే ఇనుప రేకును జెడ్ లేదా సీ ఆకారంలో వంచినది. చేతికి తొందరగా అందేది, తాడు చుట్టడానికి వీలుగా ఉండేది ఇదే. తప్పు జరిగేదీ ఎక్కువగా ఇక్కడే.

మనుషులు ఎక్కని పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగంలో చదరపు మీటరుకు 0.75 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 75 కిలోల భారం తీసుకుంటారు. వాలు ఎక్కువైతే అదీ తగ్గుతుంది. మీటరున్నర ఎడంలో, ఆరు మీటర్ల పొడవున్న పర్లిన్‌కు ఆ లెక్కన నడుమ వచ్చే వంపు భారం, అంటే దాన్ని వంచే ప్రభావం, సుమారు 506 కేజీ-మీటర్లు (బరువును దూరంతో గుణించే కొలత). మన వేదిక ఒక చివరి తాడు, అంటే 375 కిలోలు, దాని నడుమ కడితే వచ్చేది 562. రెట్ల మాట అటుంచి, ఒక్క తాడుతోనే పైకప్పు కోసం ఉంచిన బలమంతా ఖర్చయిపోయి ఇంకా కావలసి వస్తోంది. పైగా ఇది సాదాసీదా లెక్క. సన్నని పర్లిన్‌ను కింది అంచు నుంచి లాగితే అది వంగడమే కాక మెలిక తిరుగుతుంది. నిండు బలానికి చేరకముందే పక్కకు పడుకుంటుంది.

పెద్ద వాలు బీము ఇంతకన్నా చాలా నయం. అయితే అక్కడా ఎక్కడ తగిలించారన్నది ముఖ్యం. ఆరు మీటర్ల బీము నడిమధ్య 800 కిలోలు వేలాడదీస్తే వంపు భారం 1,200 కేజీ-మీటర్లు. అదే బరువును రెండు సగాలు చేసి రెండు ఆనింపులకూ మీటరున్నర దూరంలో తగిలిస్తే 600. మీటరు దూరంలోకి జరిపితే 400. ఇనుమూ అదే, బరువూ అదే, స్థలం మారినందుకు మూడో వంతుకు దిగింది. అందుకే తెలిసినవాళ్లు స్తంభాలకు దగ్గరగా తగిలించి, నడుమ జాగాను పొడవు గర్డర్లతో దాటుతారు. కాస్త ఇనుము ఎక్కువ పట్టినా బీము మీద దయ చూపినట్టవుతుంది.

కాంక్రీటు, రాయి, పాత మిద్దె

కాంక్రీటు బీము బరువును పైనుంచి నొక్కితే బాగా మోస్తుంది. కింది ముఖానికి బోల్టు దిగ్గొట్టి లాగితే మాత్రం అది పట్టుకునేది రాడ్డుకు బయట ఉన్న కవర్ కాంక్రీటును. అక్కడ పగులు ఉన్నా, లోపల రాడ్డు తుప్పు పట్టి కవర్ ఉబ్బినా, బోల్టుతో పాటు ఒక పెళ్ల ఊడి వస్తుంది. దానికన్నా బీము చుట్టూ బెల్టు తిప్పి, బరువు దాని పై ముఖం మీద పడేలా చేయడం మేలు. అందుకు స్లాబుకు రెండు పక్కలా రంధ్రాలు వేయాలి. యజమానులకు అది నచ్చదు. బీము అంచులు బెల్టును కోసేయకుండా మధ్యలో సగం కోసిన పైపు ముక్క గానీ మడిచిన గోనెపట్టా గానీ పెట్టాలి. చూడటానికి చిల్లర పని, కానీ పదునైన మూల దగ్గర ఒరుసుకునే బెల్టు ఎన్నాళ్లుంటుందో పెట్టినవాడికి కూడా తెలియదు.

ఫ్యాను కొక్కెం సంగతి వేరే చెప్పాలి. స్లాబు పోసేటప్పుడు రాడ్డు వంచి వదిలిన ఆ కొక్కెం ప్రతి గదిలో సిద్ధంగా ఉంటుంది, ఎదురుగా కనిపిస్తుంది. అది ఫ్యాను కోసం. దానికి మనిషి నడుము తాడు కట్టడం చాలాచోట్ల చూస్తాం, వేదికనే కట్టడం కూడా అరుదు కాదు. వంచిన రాడ్డు స్లాబు లోపల ఎంత దూరం వెళ్లిందో, పై రాడ్లకు అసలు తగిలిందో లేదో పోసిన మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు.

చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు పాత మండపాల్లోని రాతి దూలాలకు ఏదీ వేలాడదీయకపోవడమే సరైన పద్ధతి. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, లాగుడును భరించదు. ఇనుము వంగి చూపిస్తుంది, రాయి వంగకుండానే విరుగుతుంది. అక్కడ ఎంత ఇబ్బందైనా కింద నుంచి కట్టడమే. పాత మిద్దెల కొయ్య దూలాలదీ దాదాపు ఇదే మాట. గోడలోకి దిగిన కొస లోపల చెద తినేసి ఉన్నా బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

పట్టు ఎక్కడ జారుతుంది

ఐ ఆకారపు ఇనుప బీముకు పైపు వేలాడదీయాలంటే గర్డర్ కప్లర్లు వాడతారు. ఇవి బీము కింది రెక్కను అంచు దగ్గర పట్టుకుంటాయి. ఒక పక్కే పట్టుకుంటే బరువు బీము నడుమ నుంచి కాక పక్క నుంచి లాగి దాన్ని మెలిపెడుతుంది. అందుకే రెండు రెక్కలకూ జంటగా బిగిస్తారు. వేలాడే పైపుకూ అడ్డ పైపుకూ మధ్య లంబకోణ కప్లర్ ఉండాలి. అది సుమారు 600 కిలోల దాకా పనికొస్తుంది. పలకలు కదలకుండా పట్టే చిన్న కప్లర్లు చూడటానికి అలాగే ఉన్నా బరువు మోయడానికి చేసినవి కావు. సంచిలో అన్నీ కలిసి ఉంటే చేతికి ఏది వస్తే అది బిగుస్తుంది.

నిలబెట్టిన పరంజాలో కప్లర్ కాస్త జారితే కింద ఇంకొకటి ఆపవచ్చు. వేలాడేదాంట్లో జారితే నేరుగా కిందికే. కాబట్టి ప్రధాన కప్లర్‌ను ఆనుకుని ఇంకో కప్లర్ బిగిస్తారు, దాన్ని చెక్ కప్లర్ అంటారు. మామూలు రోజుల్లో దానికి పనే ఉండదు. బిగింపు విషయానికొస్తే 50 న్యూటన్ మీటర్లు అన్నది సాధారణ కొలత. పావు మీటరు స్పానర్ కొసన ఇరవై కిలోల బలంతో నొక్కినట్టు. తక్కువైతే జారుతుంది, స్పానర్‌కు పైపు తొడిగి మరీ బిగిస్తే బోల్టు మర సాగుతుంది.

వైర్ రోప్ మడత దగ్గర బిగించే యు బోల్టు గ్రిప్పు చూస్తే పని తెలిసిన చెయ్యో కాదో చెప్పేయొచ్చు. గ్రిప్పుకు ఒకవైపు గుండ్రటి యు బోల్టు, ఇంకోవైపు గాడి ఉన్న దిమ్మ. బరువు మోసే తాడు దిమ్మ గాడిలో కూర్చోవాలి. మడిచి వదిలేసిన కొస మీద యు బోల్టు పడాలి. తిరగేసి బిగిస్తే యు బోల్టు బరువు మోసే తాడునే నలిపేస్తుంది. కనీసం మూడు ఉండాలి, మూడూ ఒకే దిక్కు చూడాలి. మొదటిసారి బరువు పడగానే తాడు కాస్త సన్నబడి గ్రిప్పులు వదులవుతాయి, అప్పుడు మళ్లీ బిగించాలి. ఓషా అయితే ప్రతి షిఫ్టు మొదట్లో చూడమంటుంది. ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి ఉన్న గ్రిప్పులు కనబడితే మిగతా పని కూడా ఒకసారి అనుమానించడంలో తప్పు లేదు.

ఊగుడు

నాలుగు మీటర్ల తాళ్ల మీద వేలాడే వేదిక ఒకసారి ఊగి రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. 450 కిలోల వేదిక మీద నిలబడి గోడను ఇరవై కిలోల బలంతో డ్రిల్లు చేస్తే వేదిక 18 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. మనిషి గోడకూ పలకకూ మధ్య ముందుకు వాలతాడు. తాడుకు బదులు గట్టి పైపులతో దించి, వాటికి ఏటవాలు పైపులు కొట్టి, స్తంభాలకు బిగిస్తే ఈ ఇబ్బంది పోతుంది. పొడుగు తాళ్ల వేదికలు రంగు వేయడానికి సరిపోతాయి, గోడకు గూటాలు కొట్టడానికి కాదు.

పలకల చుట్టూ మీటరు ఎత్తు కంచె, కింద పనిముట్లు జారకుండా అడ్డపట్టీ ఉండాలన్నది ఎవరూ కాదనరు. నడుము బెల్టు తాడు దగ్గరే వాదన. దాన్ని వేదిక కంచెకే తగిలించుకుంటే వేదిక పడితే మనిషీ పడతాడు. అది వేరే తాడుకు, వేరే పట్టుకు, వీలైతే వేరే బీముకు తగలాలి. బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి, లేకపోతే కాళ్లలో రక్తం నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు దించాలి, దేంతో దించాలి అన్నది ముందే అనుకుని ఉండాలి.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం, 1998లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. మరమ్మతులు, నిర్వహణ పనులు కూడా అందులోకి వచ్చేవి. 2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ చట్టాన్ని కలిపారు. ఫ్యాక్టరీ లోపలి పని అయితే 1948 ఫ్యాక్టరీల చట్టం కిందికి పోయేది. పరంజాలకు ఐఎస్ 3696, స్టీలు బీముల లెక్కకు ఐఎస్ 800, కాంక్రీటుకు ఐఎస్ 456 ఉన్నాయి. కాగితం మీద లోటు పెద్దగా లేదు.

లోటు ఉన్నది సంఖ్య దగ్గర. నిర్మాణ కార్మికుల చట్టం పదిమంది, ఆపైన పనిచేసే చోట్లకు వర్తించేది, కొత్త కోడ్ లోనూ మామూలుగా అదే పది. ఆషాఢంలో మండపానికి రంగు వేసే గుంపు ఐదారుగురు. పెద్ద ప్రాజెక్టులో సేఫ్టీ ఆఫీసరు సంతకం లేకుండా క్లాంపు కూడా పెట్టరు. చిన్న హాల్లో అదే క్లాంపు మేస్త్రీ అనుభవం మీద పడుతుంది. మేస్త్రీకి తాడు తెలుసు, కప్లర్ తెలుసు, బీము లోపలి రాడ్లు తెలియవు. తెలిసిన డ్రాయింగు యజమాని బీరువాలో ఉంటుంది, లేదా అసలు ఉండదు. యజమాని "కాంట్రాక్టరు చూసుకుంటాడు" అనుకుంటాడు, కాంట్రాక్టరు "ఇంత పెద్ద బీము, దీనికేం" అనుకుంటాడు. అబద్ధం ఎవరూ చెప్పరు. లెక్క మాత్రం ఎవరూ వేయరు.

స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిస్తే డ్రాయింగు చూసి, లేకపోతే బీము కొలిచి, ఎక్కడెక్కడ ఎంత తగిలించవచ్చో చెప్పగలడు. వేలాడదీయడం వల్ల మిగిలిన పైపుల అద్దెలో అతని ఫీజు ఒక చిన్న ముక్క. అయినా పిలవరు, ఎందుకంటే పైపుల అద్దె కళ్ల ముందు కనిపిస్తుంది, అతను చెప్పే మాట కనిపించదు.

కొత్తగా కడుతున్న మండపాలకు, షెడ్లకు ఈ చిక్కు లేకుండా చేయడం తేలిక. స్లాబు పోసే రోజున స్తంభాల పక్కన, బీము పై రాడ్లను చుట్టి వచ్చేలా నాలుగు కొక్కేలు వదిలి, ఒక్కొక్కటి ఎన్ని కిలోలు మోస్తుందో దాని పక్కనే రంగుతో రాసి ఉంచితే చాలు. క్రేను గర్డర్ల మీద పెద్ద అక్షరాలతో రాసినట్టే. అయ్యే ఖర్చు కొన్ని కిలోల రాడ్డు. కొక్కెం పక్కన అంకె ఉంటే వచ్చే ఏడు రంగులు వేయడానికి వచ్చే గుంపు ఫ్యాను కొక్కెం వైపు చూడాల్సిన పని ఉండదు.